2024–25 వార్షిక నివేదిక: వోచర్లు లేని పద్దులతో సహా

సభ్యులందరికీ నమస్కారం.

ఏటా ఈ నివేదిక రెండు పేజీల్లో అయిపోయేది. రోడ్డు గుంతలు ఎన్ని పూడ్పించాం, వీధి దీపాలు ఎన్ని మార్పించాం, చందా ఎవరెవరు బాకీ. అంతే. ఈసారి కోశాధికారిగారు లెక్కల పుస్తకం నా ముందు పెట్టి, "సెప్టెంబరు నెల ఖర్చు 4,310 రూపాయలే చూపిస్తోందండీ. ఎవరైనా నమ్ముతారా?" అన్నారు. నమ్మరు. ఆ నెలంతా కాలనీ మొత్తం ఒకరింట్లో ఒకరు వండుకు తిని, ఒకరి బట్టలు ఒకరు కట్టుకుని బతికితే, పుస్తకంలో ఉన్నది బ్లీచింగ్ పౌడరు, రెండు మోకులు, ఒక మోటారు రిపేరు. మిగతావాటికి వోచర్లు లేవు. అందుకని ఈ ఏడు ఆ పద్దులు కూడా రాస్తున్నాను. ఆడిటరుగారు కావాలంటే ఈ పేజీలు తిప్పేయొచ్చు.

వరద

ఆగస్టు 31 శనివారం రాత్రంతా వాన. విజయవాడ సింగ్‌నగర్ వైపు ఉన్న మనకు వీధుల్లో నీళ్లు కొత్త కాదు కాబట్టి, మోకాటి లోతు వచ్చి సాయంత్రానికి పోతాయిలే అనుకుని మోటార్లు ఎత్తు మీద పెట్టుకుని కూర్చున్నాం. ఆదివారం వచ్చినవి వాన నీళ్లు కావు. బుడమేరు వాగుకు ఎగువన గండ్లు పడ్డాయి. మామూలుగా వెలగలేరు దగ్గర నుంచి ఆ వరదను మళ్లింపు కాలువలో కృష్ణలోకి వదులుతారు. ఆ రెండు రోజులూ కృష్ణకే చోటు లేదు. సోమవారం ప్రకాశం బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కులు వచ్చాయి. 2009లో వచ్చిన 10.94 లక్షల రికార్డు కూడా దాటిపోయింది. ఇవన్నీ తర్వాత పేపర్లో చదువుకున్నవి. అప్పుడు మనకు తెలిసిందల్లా, ఎన్నో మెట్టు మునిగింది అన్నదొక్కటే.

రెండో వీధి చివర కింద వాటాలో ఉండే బాబాయిగారికి 78 ఏళ్లు. పిన్నిగారికి మోకాళ్ల నొప్పులు. మధ్యాహ్నానికి నీళ్లు నడుం దాటాయి. పడవ వచ్చింది. ముందు మనుషులు, కుక్క సంగతి తర్వాత చూద్దాం అన్నారు పడవవాళ్లు. వాళ్లను తప్పు పట్టలేం, వెనక వీధిలో పసిపిల్లలున్నారు. బాబాయిగారు మాత్రం, "అయితే మేమూ తర్వాతే వస్తాం" అని పడవను పంపించేశారు. పిన్నిగారు మంచం మీద కుర్చీ, కుర్చీ మీద ఆవిడ. టామీ వంటగట్టు మీద.

ఎదురింటి మేడమీదావిడకూ ఈ ఇంటికీ నాలుగేళ్లుగా మాటల్లేవు. కారణం టామీయే. రాత్రిళ్లు మొరుగుతోందని ఒకటి, గేటు ముందు పాడు చేస్తోందని ఒకటి, ఆవిడ సంఘానికిచ్చిన అర్జీలు రెండూ నా ఫైల్లో ఉన్నాయి. ఆవిడే డాబా మీంచి చూసి తమ్ముణ్ని దింపారు. బట్టలు నానబెట్టే పెద్ద టబ్బులో టామీని కూర్చోబెట్టి ఆ అబ్బాయి నెట్టుకుంటూ వచ్చాడు. వెనకాలే పిన్నిగారిని కుర్చీతో సహా నలుగురు కుర్రాళ్లు భుజాల మీద మోసుకొచ్చారు. నేను మా డాబా మీంచి చూస్తున్నాను. ఊరేగింపులా ఉంది, మేళం ఒక్కటే తక్కువ.

టామీ ఆరు రోజులు ఆ ఇంట్లోనే, బాత్రూం పక్కన గోనెసంచి మీద ఉంది. మూడో రోజు రెండు కుటుంబాలకూ కలిపి ఒక్క పాల ప్యాకెట్టు దొరికితే, టీ పెట్టబోతూ ఆవిడ అరగ్లాసు పక్కకు తీశారట. ఎవరికని తమ్ముడు అడిగితే, "దానికి మాత్ర మింగించాలి కదా" అన్నారట. టామీ గుండె మాత్రలు బాబాయిగారు జేబులో పెట్టుకుని తెచ్చారు. తన బీపీ మాత్రలు కింద గూట్లోనే మర్చిపోయారు.

ఇప్పుడు ఆ నోటు పుస్తకం గురించి చెప్పాలి. కరెంటు లేదు, ఫోన్లు చచ్చిపోయాయి. మూడో వీధిలో డిగ్రీ చదివే అబ్బాయి ఒక పాత రెండొందల పేజీల పుస్తకం తీసుకుని డాబా డాబాకూ అరిచి, పిట్టగోడలు దాటి, అందరి పిల్లల నెంబర్లూ, చెప్పాల్సిన మాటలూ రాసుకున్నాడు. సాయంత్రం దాన్ని పాలిథిన్ కవర్లో చుట్టి నెత్తిన పెట్టుకుని, సిగ్నలు ఉన్నచోటికి మెడలోతు నీళ్లలో వెళ్లి, ఎవరి ఫోనో అడిగి అన్నీ పంపించి వచ్చేవాడు. ఇలా నాలుగు సాయంత్రాలు. ఆ పుస్తకం ఇప్పుడు సంఘం దగ్గరుంది. అందులోంచి కొన్ని:

"హ్యూస్టన్. అమ్మ బాగుంది. షుగరు మాత్రలు శుక్రవారం దాకా ఉన్నాయి. ఏడవొద్దు."

"బెంగళూరు. నాన్న మేడ మీద. బీరువా మునిగింది. నీ సర్టిఫికెట్లు తీశాం."

"గుడివాడ అత్తయ్యగారు. మీరు పంపిన ఆవకాయతోనే మూడు ఇళ్లు తింటున్నాం."

"హైదరాబాద్. పిల్లి ఈనింది. నాలుగు."

ఈ నాలుగోది నేను మొదట నమ్మలేదు. నిజమే. మొదటి వీధి అపార్ట్‌మెంటులో మీటర్ల గూటి పైన, కరెంటు లేకపోవడం ఆ పిల్లికి కలిసొచ్చింది. ఆ ఇంటి పాప హైదరాబాద్‌లో ఉన్న అన్నయ్యకు చెప్పమన్న ఒకే ఒక్క మాట అది. కరెంటు ఇచ్చేముందు లైన్‌మన్‌కు ఆ పాపే చెప్పింది. ఆయన గూటి ముందు నిలబడి, తల్లిపిల్లి నాలుగు పిల్లల్నీ ఒక్కొక్కటిగా నోట కరుచుకుని మార్చేదాకా ఆగాడు. చీకట్లో ఉన్న మేం కిందనుంచి కేకలేస్తూనే ఉన్నాం, ఇది ఒప్పుకోవాలి.

సెప్టెంబరు 7న వినాయక చవితి. పందిరి లేదు, ఆర్డరిచ్చిన మట్టి విగ్రహాలు రాలేదు. ఒక పిల్లవాడు వీధిలో దిగిన బురదతోనే వినాయకుణ్ని చేయబోతే, అందులో డ్రైనేజీ కలిసిందని వాళ్లమ్మ వీపు మీద ఒకటి వేసి చేతులు కడిగించింది. ఒక బామ్మగారు, "ఏ పూజకైనా ముందు చేసేది పసుపు గణపతినే కదుటే, ఇవాళ ఆయనే అసలాయన" అని తేల్చేశారు. పత్రికి డాబాల మీది కుండీలు దోచేశాం. ఉండ్రాళ్లకు బియ్యప్పిండి లేదు. పులిహోర పొట్లాలు వచ్చాయి, అవే నైవేద్యం. చవితి చందాలో మిగిలిన 11,600 రూపాయలతో తర్వాతి వారం బియ్యం, పప్పు, నూనె కొని, సామాను మొత్తం పోయిన ఇళ్లకు పంచాం. చవితి చందా లెక్క విడిగా ఉంటుంది కాబట్టి ఇది సెప్టెంబరు ఖర్చులో కనబడదు గానీ, దీనికి వోచర్లున్నాయి.

నీళ్లు తీశాక మిగిలిన బురద సంగతి మీకు చెప్పక్కర్లేదు. ఫైరింజన్లు వచ్చి ఇళ్లు కడిగాయి. వేరే ఊళ్ల నుంచి పారిశుద్ధ్య కార్మికులను తెచ్చారు. మన వీధుల్లో పనిచేసిన బృందానికి మహిళా సభ్యులు ఐదు రోజులు భోజనం పెట్టారు. వంట గ్యాసు ఉన్నది రెండిళ్లలోనే, కాబట్టి రోజూ సాంబారు అన్నం, ఆవకాయే. వాళ్లలో ఒకామె ఇక్కడ కొట్టుకుపోయి దొరికిన పెళ్లి ఫోటో ఆల్బమ్‌ను కడిగి, ఒక్కో కాగితం విడదీసి, మా అరుగు మీద ఎండబెట్టి, ఎవరిదో కనుక్కోమని నాకిచ్చి వెళ్లింది. ఐదో వీధి వాళ్లది. వాళ్లకు అందింది. ఆమె పేరు నేను రాసుకోలేదు. ఇది కార్యదర్శిగా నా తప్పు.

నష్టపరిహారం (కింద వాటాలకు 25,000 ప్రకటించారు) జాబితాల్లో పేర్లు రాని అద్దె ఇళ్లవారికి అర్జీలు రాసిపెట్టడానికి మన ఆడపిల్లలు ముగ్గురు వారం రోజులు కూర్చున్నారు. కొందరికి వచ్చింది, కొందరికి ఇంకా తిరుగుతున్నాం. ఒక కౌంటరులో అర్జీ తీసుకోవడానికి నాలుగుసార్లు తిప్పారు. ఆ కాగితాలన్నీ కొత్త కమిటీకి అప్పగిస్తాను.

మొక్కలు

జూలైలో 40 మొక్కలు నాటాం. వరద తర్వాత లెక్కపెడితే 17 ఉన్నాయి. ఇందులో ఒక పాఠం ఉంది: బతికినవాటిలో ఎక్కువ కానుగ, నేరేడు. వేప మొక్కలు దాదాపు అన్నీ పోయాయి. వేప ఎండకు తట్టుకుంటుంది గానీ వేళ్ల దగ్గర రోజుల తరబడి నీళ్లు నిలిస్తే తట్టుకోలేదు. పెరళ్లలో బొప్పాయి, కరివేపాకు ఒక్కటీ మిగల్లేదు. ఈ వానాకాలం వేప కోసం పట్టుబట్టే సభ్యులు (ఎవరో వారికి తెలుసు) దయచేసి ఎత్తు ఉన్న మొదటి వీధితో సరిపెట్టుకోవాలి.

నాలుగో వీధి మాస్టారింటి మునగ చెట్టు కూడా పడిపోయింది. కాలనీలో సగం ఇళ్ల సాంబారు ఆ చెట్టుదే. కాయలు కోసుకోవడానికి ఎవరికీ అడ్డు చెప్పేవారు కాదు, ఒక పొడుగాటి కొంకి కర్ర గేటు పక్కనే పెట్టి ఉంచేవారు. చెట్టు పోయాక ఆ కర్ర అక్కడే ఉంది, అది చూస్తే మరీ బాధగా ఉండేది. డిసెంబరులో నున్న నుంచి ఒకాయన బండి మీద వచ్చారు. తొమ్మిదేళ్ల కిందట ఇక్కడ అద్దెకున్నప్పుడు మాస్టారి చెట్టు నుంచి ఒక కొమ్మ తీసుకెళ్లి తన పొలం గట్టున నాటుకున్నారట. దాన్నుంచి చేతి లావు కొమ్మలు ఆరు నరికి, పైన పేడముద్దలు పెట్టి తెచ్చారు. మాస్టారు రెండు ఉంచుకుని నాలుగు పంచేశారు. సంక్రాంతికి చిగుళ్లు వేశాయి.

కుక్కల సంగతి

ఈ ఏడు కమిటీలో ఎక్కువ గొడవ దీని మీదే. వరదలో వీధి కుక్కలు ఏడు మొదటి వీధి అపార్ట్‌మెంటు మెట్ల మీద ఒక కోడితో సహా తలదాచుకున్నాయి, ఎవర్నీ ఏమీ అనలేదు. నీళ్లు పోయాక మళ్లీ పాత తగువే: అన్నం పెట్టాలనేవాళ్లు, పెట్టొద్దనేవాళ్లు. 2023 జంతు జనన నియంత్రణ నిబంధనల ప్రకారం, వీధి జంతువులకు తిండి పెట్టే చోటును పిల్లలు ఆడుకునే స్థలానికీ, మెట్లకూ, రాకపోకల దారులకూ దూరంగా ఏర్పాటు చేయించాల్సిన బాధ్యత మనలాంటి సంఘాలదే. ఆ కాగితం చదివి వినిపించాక పంపుహౌసు వెనక స్థలం ఖాయమైంది. ఇప్పటికీ అపార్ట్‌మెంటు గేటు ముందే అన్నం వేస్తున్న ఇద్దరు సభ్యులకు ఇదే విన్నపం.

చెవి అంచు కొద్దిగా కత్తిరించి ఉన్నవి ఆపరేషన్ అయిన కుక్కలు. వాటిని చూసి భయపడక్కర్లేదు గానీ, ఏ కుక్క కరిచినా సబ్బుతో, ధారగా పడే నీటి కింద పదిహేను నిమిషాలు కడిగి, వెంటనే టీకాకు వెళ్లండి. కారం, సున్నం పెట్టొద్దు.

1885 జూలై 6న పాశ్చర్ ఒక తొమ్మిదేళ్ల పిల్లవాడికి మొదటిసారి రేబిస్ టీకా వేశాడు. ఆ రోజు గుర్తుగా ఏటా మన పశువుల ఆసుపత్రుల్లో పెంపుడు కుక్కలకు ఉచితంగా టీకాలు వేస్తారు. పోయిన జూలైలో మన కాలనీ నుంచి ఆటోలో తీసుకెళ్లాం. ఆటో అతనికి కుక్కలంటే భయం. బండి తాళాలు మావాడి చేతిలో పెట్టి, "మీరు తీసుకెళ్లండి, నేను నడిచొస్తా" అని ఆసుపత్రి దాకా వెనకాలే నడిచాడు. కిరాయి తీసుకోలేదు.

మిగతావి

ఎండాకాలంలో చలివేంద్రం 34 రోజులు నడిచింది. మజ్జిగ డెలివరీ కుర్రాళ్లే ఎక్కువ తాగారు, అది వాళ్లకోసమే. డాబాల మీద పక్షులకు మూకుళ్లలో నీళ్లు పెట్టిన పిల్లలకు బహుమతులిచ్చాం. రెండు ఇళ్ల వసారాల్లో వరి కంకుల కుచ్చులు కట్టారు. పిచ్చుకలు వచ్చింది ఒక్కచోటే, రెండోదాన్ని ఉడత తింటోంది.

కార్తీక వనభోజనాలు నున్న దగ్గర మామిడి తోటలో. అక్కడ ఉసిరి చెట్టు లేదని తెలిసి కుండీలో మొక్కను బస్సెక్కించుకుని వెళ్లాం. వంకాయ కూరలో ఉప్పు ఎక్కువైంది, ఎవరు వేశారో తేలలేదు.

సీసీ కెమెరాల పని జరగలేదు. కాలువ పూడిక కోసం మూడుసార్లు రాశాం, జరగలేదు. గ్రంథాలయం గది పుస్తకాలు తడిసిపోయాయి, అట్టలున్నవి కొన్ని మిగిలాయి. ఆదాయ వ్యయాల పట్టిక విడిగా జతచేశాను.

టామీ ఎదురింటావిడ జనవరిలో మూడో అర్జీ ఇచ్చారు. ఈ మధ్య రాత్రిళ్లు టామీ మొరగడం వినిపించడం లేదని, బాబాయిగారు నిర్లక్ష్యం చేస్తున్నారేమో సంఘం తరఫున ఒకసారి అడగాలని. అడిగాను. డాక్టరుకు చూపించారు, వయసు మీద పడిందంతే. మూడు అర్జీలూ ఒకే ఫైల్లో పెట్టాను.

సర్వసభ్య సమావేశం ఏప్రిల్ 27 ఆదివారం సాయంత్రం ఆరింటికి, మాస్టారింటి డాబా మీద. కొత్త కమిటీ ఎన్నిక ఉంటుంది. నేను మళ్లీ నిలబడటం లేదు. మునగ కొమ్మలు కావలసినవారు ముందుగా చెప్పండి. టీకి ఎవరి గ్లాసు వారు తెచ్చుకోవాలి, పేపరు కప్పులు కొనడం లేదు.

ఇట్లు,
కార్యదర్శి