బెంచ్ మార్కింగ్ పరీక్షల విభాగం నుంచి మొదలుపెట్టండి

సంపాదకుడికి,

కాలేజీలకీ యూనివర్సిటీలకీ గ్రేడు ఇచ్చే నాక్ బృందం వచ్చే ముందో, కేంద్ర విద్యాశాఖ ఇచ్చే ఎన్‌ఐఆర్‌ఎఫ్ ర్యాంకులు వెలువడ్డాకో మన యూనివర్సిటీల్లో 'బెంచ్ మార్కింగ్ ప్రాజెక్టు' అన్న మాట, అంటే మన పనిని అదే పని బాగా చేస్తున్నవాళ్లతో పోల్చి చూసి నేర్చుకోవడమన్నది, గట్టిగా వినిపిస్తుంది. నేను ఒక యూనివర్సిటీ పరీక్షల విభాగంలో ఇరవై ఆరేళ్లు పనిచేసి రిటైరయ్యాను. అలాంటి ప్రాజెక్టు ఒకటి దగ్గరగా చూశాను కాబట్టే ఈ ఉత్తరం.

మా నాన్నగారు కాలవ లాకు దగ్గర లస్కరు. లాకు గోడ మీద చెక్కిన గుర్తు చూపించి, కాలవ మట్టాలన్నీ దీన్నిబట్టే లెక్కగడతారురా అని చెప్పేవారు. ఇంజినీర్లు బెంచ్ మార్క్ అనేది దాన్నే. మన డెల్టాలో మట్టం విలువ ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర గోదావరి మట్టం 11.75 అడుగులకి చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. ఆ అంకె వినగానే లంకల్లో వాళ్లు పశువుల్ని గట్టుకి తోలాలా, ఇల్లు ఖాళీ చెయ్యాలా అన్నది తేల్చుకుంటారు.

మా యూనివర్సిటీలో అంకెలే లేవు. కమిటీ వేశారు. ముగ్గురు అధికారులు వేరే రాష్ట్రంలో పేరున్న యూనివర్సిటీకి వెళ్లి, నాలుగు రోజులుండి, అక్కడి భవనాలు, ల్యాబులు, సాఫ్ట్‌వేరు గురించి పెద్ద రిపోర్టు రాశారు. కష్టపడే రాశారు. కానీ బయల్దేరే ముందు మా సెక్షన్‌కి వచ్చి, ప్రొవిజినల్ సర్టిఫికెట్ ఇవ్వడానికి ఎన్ని రోజులు పడుతోందని ఎవరూ అడగలేదు. అడిగినా మేం చెప్పలేకపోయేవాళ్లం, ఎప్పుడూ లెక్కపెట్టలేదు గనక. రిపోర్టు బీరువాలోకి వెళ్లింది. రెండు బస్సులు మారి వచ్చిన పిల్లలు 'వచ్చే వారం రండి' అనిపించుకుని వెళ్తూనే ఉన్నారు. ఉద్యోగంలో చేరే గడువు దాటిపోయిందని ఒకమ్మాయి కౌంటర్ ముందే ఏడ్చింది. ఆ రోజు కౌంటర్‌లో ఉన్నది నేనే. ఆ పిల్ల మొహం ఇంకా మర్చిపోలేదు.

ఈసారైనా ముందు ఒక్క పని ఎంచుకోండి. రీవాల్యుయేషనో, ఒరిజినల్ డిగ్రీయో, ఏదో ఒకటి. లెక్క ఎక్కణ్ణుంచి మొదలన్నది రాసిపెట్టుకోండి. విద్యార్థి ఫీజు కట్టిన రోజు నుంచా, దరఖాస్తు సెక్షన్‌కి చేరిన రోజు నుంచా? మీరు ఒకలా, అవతలివాళ్లు ఇంకోలా లెక్కపెడితే పోలిక పనికిరాదు. సగటు ఒక్కటే చూడొద్దు, అన్నిటికన్నా ఆలస్యమైన ఫైళ్లు తీసి ఏ టేబుల్ మీద ఎన్నాళ్లు ఆగాయో చూడండి. నాకు తెలిసినంతలో సర్టిఫికెట్ తయారుచేసే పని కాసేపే, మిగతాదంతా సంతకం కోసం ఎదురుచూపు.

పోల్చుకోవడానికి ఐఐటీ దగ్గరకి వెళ్లి లాభం లేదు. మనలాగే ఊరూరా అనుబంధ కాలేజీలు, మనలాగే తక్కువ సిబ్బంది ఉండి, ఆ పని త్వరగా చేస్తున్న యూనివర్సిటీని వెతకాలి. యూనివర్సిటీయే కానక్కర్లేదు కూడా. 1980ల మొదట్లో జిరాక్స్ కంపెనీ తన గోదాముల పని బాగుచేసుకోవడానికి ఎల్.ఎల్. బీన్ అనే, పోస్టులో బట్టలూ సామానూ అమ్మే సంస్థను చూసి నేర్చుకుంది. మనం పాస్‌పోర్ట్ సేవా కేంద్రానికి వెళ్లి, దరఖాస్తు ఎక్కడుందో జనానికి ఎప్పటికప్పుడు ఎలా తెలుస్తోందో చూడొచ్చు. ఎవరితో పోల్చుకుంటున్నామో వాళ్ల చేతిలో ముందు మన అంకెలు పెడితేనే వాళ్లూ ఉన్నదున్నట్టు చెబుతారు. వాళ్లిచ్చిన లెక్కలు వాళ్లని అడక్కుండా పత్రికలకి ఇవ్వకూడదు.

ర్యాంకులు వద్దనను. 2016 నుంచి వస్తున్న ఎన్‌ఐఆర్‌ఎఫ్ బోధన, పరిశోధన లాంటి ఐదు అంశాల మీద మార్కులు వేసి మనం ఎక్కడున్నామో చెబుతోంది. ఫైలు ఎక్కడ ఆగిందో మాత్రం అందులో ఉండదు.

తిరిగొచ్చాక నేర్చుకున్నది ఒక సెమిస్టర్‌లో చేసి చూసి, మళ్లీ అదే పద్ధతిలో రోజులు లెక్కపెట్టాలి. ముందు లెక్క, తర్వాతి లెక్క రెండూ కౌంటర్ దగ్గర గోడకి అంటించాలి. వైస్ ఛాన్సలర్లకి నా విన్నపం ఒక్కటే: ఈసారి వేసే కమిటీలో మొదటి సమావేశం నుంచే పరీక్షల విభాగం గుమాస్తాలు ఇద్దరిని కూర్చోబెట్టండి, ప్రయాణానికీ వాళ్లనే పంపండి.

– ఒక విశ్రాంత యూనివర్సిటీ ఉద్యోగి, కోనసీమ