అవ్వల ఊరు

సంపాదకునికి,

ఆఫ్రికాలో మిషనరీల సేవ అనగానే మన దగ్గర మతమార్పిడి గొడవే ముందుకొస్తుంది. ఆ ప్రశ్న అడగదగ్గదే, కాదనను. కానీ కెన్యాలోని న్యుంబానీ అనే అనాథాశ్రమాన్ని కూడా చూడాలి. హెచ్‌ఐవీ సోకిన అనాథ పిల్లల కోసం 1992లో నైరోబీలో దాన్ని మొదలుపెట్టింది జెసూట్ అనే క్యాథలిక్ సంఘానికి చెందిన ఫాదర్, స్వయానా డాక్టర్ అయిన ఏంజెలో డి'అగోస్టినో. నాకు బాగా నచ్చింది మాత్రం ఆ తర్వాత అదే సంస్థ తరఫున కెన్యాలోనే కిటూయి అనే ప్రాంతం వైపు వెలసిన ఊరు. ఎయిడ్స్‌తో అమ్మానాన్నలు పోయిన పిల్లలనూ, కడుపున పుట్టినవాళ్లను పోగొట్టుకున్న అవ్వలనూ అక్కడ ఒకే ఇంట్లో ఉంచుతారు. చర్చిలో ఆఫ్రికా పిల్లల కోసం చందా ఎత్తినప్పుడు, ఆ డబ్బు హాస్టల్ గోడలకా, ఇలాంటి అవ్వల ఇళ్లకా అని ఒక్కసారి అడగండి.

– ఒక పాఠకుడు, వరంగల్