రిటైరైన వాళ్ల లింక్డ్ఇన్ సంగతి

అందరికీ నమస్కారం. రిటైరయ్యాక లింక్డ్ఇన్ (ఉద్యోగ పరిచయాల కోసం వాడే సైట్) అకౌంట్ ఉంచాలా, తీసేయాలా అని మన గ్రూప్‌లో ఇద్దరు ముగ్గురు అడిగారు. నా మాటైతే, తొందరపడి మూసేయకండి.

ముందు చూడాల్సింది ఈమెయిల్. చాలామంది ఆఫీసు మెయిల్‌తోనే అకౌంట్ తెరిచి ఉంటారు. ఆ మెయిల్ ఆగిపోతే పాస్‌వర్డ్ మార్చుకోవడానికి వచ్చే కోడ్ కూడా అందులోకే పోతుంది, ఇక మనకు తిప్పలే. కాబట్టి ఆఫీసులో ఉండగానే సెట్టింగ్స్‌లో సొంత మెయిల్ చేర్చి, దాన్నే ప్రైమరీగా పెట్టుకోండి.

ప్రీమియం (అదనపు సౌకర్యాలకు డబ్బు కట్టే ప్లాన్) కడుతుంటే అది ఆపేయండి, అనవసరపు ఖర్చు.

నోటిఫికేషన్ల గోల భరించలేకపోతే 'హైబర్నేట్' అని ఒకటుంది. ప్రొఫైల్ ఎవరికీ కనబడదు, మళ్లీ లాగిన్ అయితే తిరిగొస్తుంది. పూర్తిగా మూసేస్తే మాత్రం కొద్ది రోజులే గడువు. ఆలోపు తిరిగి తెరిచినా పాత సహోద్యోగులు మన పని గురించి మెచ్చుకుంటూ రాసిన రికమెండేషన్లు రావు. అవి పోతే మళ్లీ ఎవర్ని అడుగుతాం చెప్పండి! అందుకే మూసే ముందు డేటా కాపీ డౌన్‌లోడ్ చేసుకోండి.

ఉంచుకునేవాళ్లు పాత హోదా పక్కన ముగింపు తేదీ వేయండి. లేదంటే ఇంకా ఉద్యోగంలోనే ఉన్నారనుకుని రెజ్యూమెలు పంపుతూనే ఉంటారు.