మా నెత్తురు పరీక్షల్లో ఏం తేలిందో మాకు తెలుగులో చెప్పించండి

ఆంధ్రప్రదేశ్ వైద్య, ఆరోగ్య శాఖ మంత్రి గారికి నమస్కారాలు.

అయ్యా, నేను కిడ్నీ జబ్బుతో సతమతమవుతున్న శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో ముప్ఫై ఏళ్లకు పైగా సైన్సు పాఠాలు చెప్పి రిటైరైన మాస్టార్ని. పింఛను కోసమో, డయాలసిస్ మంచం కోసమో ఈ ఉత్తరం రాయడం లేదు. నేనొక మాట ఇచ్చాను, ఆ మాట నిలబెట్టుకోవడం నా చేతిలో లేదు, మీ చేతిలో ఉంది. అందుకే రాస్తున్నాను.

కొన్నేళ్ల కిందట మా ఊరికి ఒక పరిశోధన బృందం వచ్చింది. ఎవరన్నది ఇక్కడ అనవసరం. మంచి పిల్లలు, ఎండలో ఇల్లిల్లూ తిరిగారు. కిడ్నీ జబ్బు మీద చదువుతున్నాం, రక్తం, మూత్రం, బావినీళ్లు కావాలన్నారు. జనం వెనకాడారు. "ఇప్పటికి ఎన్నిసార్లు తీసుకెళ్లలేదు?" అన్నారు. అప్పుడు వాళ్లు నా దగ్గరికొచ్చారు. నేను స్కూల్లో ఓ గది తీయించాను. వీధి వీధికీ వెళ్లి చెప్పాను: ఇవ్వండి, మన పిల్లల కోసం ఇవ్వండి, ఏం తేలితే అది వచ్చి చెబుతారు, నాదీ పూచీ అని. నా మాట మీద చేతులు చాపారు. మా పక్కింటి పెదనాన్న అందరికంటే ముందు లైన్లో నించున్నాడు. ఆయనకి ఒక చిన్న చీటీ ఇచ్చారు, దాని మీద ఒక నంబరు. ఆ చీటీని రేషన్ కార్డు కవర్లో దాచుకున్నాడు.

తర్వాత మూడేళ్ల పాటు పండక్కీ పబ్బానికీ కనిపించినప్పుడల్లా ఒకటే ప్రశ్న: "మాస్టారూ, మన రగతం అట్టుకెళ్లారు గదా, ఏటి తేలిందట?" నాకు తెలిస్తే కదా చెప్పడానికి. నాలుగో ఏడు ఆయన అడగలేదు. సోంపేట డయాలసిస్ నించి తిరిగొస్తూ ఆటోలోనే పోయాడు.

మీకు ఉద్దానం గురించి కొత్తగా చెప్పక్కర్లేదు. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస, ఈ ఏడు మండలాలు. ఉద్యానవనం అన్న మాటే ఉద్దానం అయిందంటారు. కొబ్బరి, జీడి, పనస. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను ఒక్క రాత్రిలో ఆ తోటల్ని పడుకోబెట్టింది. కొబ్బరి మొక్క మళ్లీ కాపుకి రావాలంటే ఎన్నేళ్లో తెలిసిందే. తోటైతే మళ్లీ వేసుకుంటాం. కిడ్నీ అలా కాదు.

మా మీద జరిగినంత చదువు ఈ రాష్ట్రంలో ఇంకే పల్లె మీదా జరగలేదేమో. విశాఖ కేజీహెచ్ పెద్దాసుపత్రిలో నెఫ్రాలజీ (కిడ్నీ వైద్యం) ప్రొఫెసర్‌గా, తర్వాత ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయం వైస్ చాన్సలర్‌గా పనిచేసిన డాక్టర్ టి. రవిరాజు గారు ఏళ్ల తరబడి మా ఊళ్లు తిరిగారు. గీతం విశ్వవిద్యాలయం వాళ్లు వచ్చారు. జార్జ్ ఇన్‌స్టిట్యూట్ అనే వైద్య పరిశోధన సంస్థ వచ్చింది. 2017లో హార్వర్డ్ నుంచి వచ్చిన కిడ్నీ నిపుణులు విశాఖలో కూర్చుని మా గురించి మాట్లాడారు. వీళ్లెవరి మీదా నాకు ఫిర్యాదు లేదు. ఎవరూ పట్టించుకోని రోజుల్లో వచ్చి పట్టించుకున్నవాళ్లు.

ఇబ్బందల్లా వాళ్లు రాసింది మాకు చేరకపోవడమే. పెదనాన్న పోయాక నాకు పట్టుదల వచ్చింది. విశాఖలో చదువుకుంటున్న మా మేనల్లుడి చేత ఆ పరిశోధన పత్రాలు తెప్పించుకున్నాను. అన్నీ ఇంగ్లీషు. డిక్షనరీ పక్కన పెట్టుకుని ఒక్కో పత్రానికీ వారం రోజులు కుస్తీ పట్టాను. సైన్సు మాస్టారికే ఆ గతి పడితే, కొబ్బరికాయలు వలిచి బతికే మనిషి సంగతేమిటి?

2019లో రవిరాజు గారూ గీతం పరిశోధకులూ కలిసి రాసిన పత్రం ఉంది. రెండు వేల పైచిలుకు మందిని పరీక్షిస్తే నూటికి 18 మందికి దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు ఉందని అందులో తేలింది. ఇంకో అధ్యయనంలో ఈ అంకె కొంచెం ఎక్కువే. లెక్క కట్టే పద్ధతి మారితే అంకె మారుతుంది గానీ, పెద్దవాళ్లలో ఐదుగురికి ఒకరు అనుకుంటే పెద్ద పొరపాటు కాదు. వీళ్లలో చాలామందికి షుగరు లేదు, ముందునుంచీ బీపీ లేదు. మామూలుగా కిడ్నీని తినేసే ఆ రెండూ లేకుండానే కిడ్నీ పోతోంది. అందుకే దీన్ని కారణం తెలియని కిడ్నీ జబ్బు అన్నారు. శ్రీలంక ఉత్తర మధ్య ప్రాంతంలో వరి పండించేవాళ్లకీ, మధ్య అమెరికాలో ఎల్ సాల్వడార్, నికరాగువా చెరకు కూలీలకీ ఇలాంటిదే వస్తోంది.

చదువుతూ చదువుతూ ఒక చోట ఆగిపోయాను. ఈ రకం జబ్బులో మూత్రంలో ప్రొటీన్ పెద్దగా పోదట. మేమంతా ఇన్నాళ్లూ ఏమనుకున్నాం? కాళ్లు వాస్తే, మూత్రం నురగ కడితే కిడ్నీ జబ్బు అనుకున్నాం. మెడికల్ క్యాంపులో మూత్రంలో పట్టీ ముంచి బాగుందంటే గుండెల మీద చెయ్యేసుకుని ఇంటికొచ్చాం. పట్టీ బాగున్నా కిడ్నీ బాగున్నట్టు కాదని, రక్తంలో క్రియాటినిన్, అంటే కిడ్నీ వడకట్టి బయటికి పంపాల్సిన వ్యర్థం, ఎంతుందో చూడాల్సిందేనని ఒక్కరు తెలుగులో చెప్పి ఉంటే! ఆ క్రియాటినిన్ కూడా కిడ్నీ పని సగం దాకా పడిపోయాకే పెరగడం మొదలెడుతుంది. కాబట్టి ఒక్కసారి చూసుకుని వదిలేస్తే చాలదు, ఏడాదికోసారి చూసుకుంటూ అంకె ఎటు పోతోందో గమనించాలి. ఇది పదో తరగతి పిల్లవాడికి అర్థమయ్యే సంగతి. నేనే చెప్పగలిగేవాణ్ణి, నాకు తెలిసి ఉంటే.

ఇప్పుడు మా ఊళ్లో "ఎన్ని పాయింట్లు?" అంటే క్రియాటినిన్ ఎంత అని అందరికీ అర్థమవుతుంది, క్రికెట్ స్కోరు అడిగినట్టే. పెళ్లిచూపుల దగ్గర కూడా అడుగుతున్నారు. ఇవతల ఊరి పిల్లని చేసుకోవాలంటే అవతల ఊరివాళ్లు వెనకాముందూ చూస్తున్నారు. నాకు 1.8 ఉంది. జబ్బు ఐదు దశల్లో మూడో దశ అన్నారు. నొప్పి లేదు, నీరసం లేదు, సైకిలు తొక్కుతున్నాను.

ఇక్కడ ఒక సంగతి మీ దృష్టికి తేవాలి. డయాలసిస్ వాళ్లకి నెలకి 10,000 రూపాయలు ఇస్తున్నారు. డయాలసిస్‌కి వెళ్లకపోయినా క్రియాటినిన్ 5 దాటినవాళ్లకీ, కిడ్నీ వడపోత రేటు 15 (ఇంచుమించు నూటికి పదిహేను వంతుల పని) కంటే పడిపోయినవాళ్లకీ పింఛను ఉంది. మంచిదే, ఆ డబ్బుతో చాలా ఇళ్లలో పొయ్యి వెలుగుతోంది. కానీ 5 దాటేసరికి కిడ్నీలో కాపాడుకోవడానికి మిగిలేదేముంది? 1.5 దగ్గరా 2 దగ్గరా ఉన్నవాడికి సర్కారు నుంచి కాగితం ముక్క కూడా లేదు. మా వీధిలో ఒకాయన, క్రియాటినిన్ 4.6, "ఇంకెంత, నాలుగు నెలలాగితే పింఛనొస్తాది" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. నేను నవ్వలేకపోయాను. మూడో దశ వాళ్లకి డబ్బివ్వమనడం లేదు. ఆరు నెలలకోసారి ఊళ్లోనే రక్తపరీక్ష, ఒక కార్డు, ఆ కార్డు మీద పాత అంకెలు, బీపీ మందు. ఇంతే.

ఇంకొకటి ఒళ్లునొప్పుల బిళ్ల. జీడి బట్టీ దగ్గర, కొబ్బరి తోటలో రోజంతా ఒళ్లు వంచినవాడు సాయంత్రం ఆర్ఎంపీ దగ్గరకెళ్లి ఒక బిళ్లో సూదో వేయించుకుంటే గానీ పడుకోలేడు. ఆ నొప్పి మందుల్లో చాలావాటికి కిడ్నీని దెబ్బతీసే గుణం ఉందని డాక్టర్లందరికీ తెలుసు. ఉద్దానం జబ్బుకి అదే కారణమని నేననను, అలా రుజువూ కాలేదు. కానీ ఇప్పటికే సగం పోయిన కిడ్నీ మీద ఆ బిళ్ల పడితే ఏమవుతుందో చెప్పడానికి పరిశోధన అక్కర్లేదు. మా మెడికల్ షాపుల్లో ఏ బిళ్లలు ఎంత అమ్ముడవుతున్నాయో మీ శాఖ ఒక్క నెల లెక్క తీస్తే చాలు.

ఇక నీళ్ల సంగతి. హిరమండలం రిజర్వాయరు నుంచి వంశధార నీళ్లు ఏడు మండలాల్లో 807 ఊళ్లకి తెచ్చే 700 కోట్ల పథకం 2023 డిసెంబరులో మొదలైంది. అదే రోజు పలాసలో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం తెరిచారు. కట్టింది ఏ ప్రభుత్వమైతేనేం, మంచి పని. కానీ కొళాయి వచ్చాక జనంలో ఒక ధీమా వచ్చేసింది: "నీళ్లు మారాయి గదా మాస్టారూ, ఇంక రాదు." నీళ్లే కారణమని ఏ పత్రంలోనూ రుజువు కాలేదు. బావినీళ్లలో సిలికా ఎక్కువన్నారు. పురుగు మందులన్నారు, లోహాలన్నారు, ఎండలో చెమటోడ్చి నీళ్లు తాగకపోవడమన్నారు, వంశపారంపర్యమన్నారు. నికరాగువాలో చెరకు కోసేవాళ్లకి నీడ, నీళ్లు, మధ్యమధ్య విశ్రాంతి ఇస్తే కిడ్నీ మీద పడే దెబ్బ తగ్గిందని చూపించారు. మా దగ్గర ఇంటి పట్టునుండే ఆడవాళ్లకీ వస్తోంది కాబట్టి ఎండ ఒక్కటే అనుకోవడం కుదరదు. కారణం ఒకటి కాకపోవచ్చు కూడా.

అయితే సారూ, ఆ 807 ఊళ్లలో మీకు తెలియకుండానే ఒక పెద్ద ప్రయోగం నడుస్తోంది. ప్రతి ఊరికీ ఒకే రోజు నీళ్లు రావు కదా. ఒక ఊరికి ముందు, ఒక ఊరికి వెనక. కొందరు కొళాయి నీళ్లు రుచి లేవని ఇప్పటికీ వంటకి బావినీళ్లే తోడుతున్నారు, మా ఇంట్లో మా ఆవిడతో సహా. ఏ ఊరికి ఏ నెలలో కొళాయి వచ్చింది, ఏ ఇల్లు ఏ నీళ్లు తాగుతోంది, ఆ ఇంట్లో ఇరవై, ముప్ఫై ఏళ్ల వాళ్ల క్రియాటినిన్ ఏటేటా ఎలా ఉంది అనే మూడు సంగతులు ఒక పుస్తకంలో రాసుకుంటూ పోతే, ఐదారేళ్లకి నీళ్ల ప్రశ్నకి అవుననో కాదనో జవాబు దొరికే వీలుంది. దీనికి హార్వర్డ్ అక్కర్లేదు. ఆశా కార్యకర్త, ఏఎన్ఎం, ఎచ్చెర్లలో ఉన్న అంబేడ్కర్ విశ్వవిద్యాలయం పిల్లలు చాలు. ఇప్పుడు రాయకపోతే మాత్రం పదేళ్ల తర్వాత ఎవరొచ్చి అడిగినా చెప్పడానికి ఏమీ ఉండదు. ఎవరికి ఎప్పుడు నీళ్లొచ్చాయో అప్పటికి ఎవరికి గుర్తుంటుంది?

పలాస ఆసుపత్రి బోర్డు మీద పరిశోధన కేంద్రం అని రాసి ఉంది. ఆ పుస్తకం అక్కడ ఉండాలి. ఇప్పటిదాకా మా దగ్గర తీసుకున్న లెక్కలు ఒకటి విశాఖలో, ఒకటి ఢిల్లీలో, ఒకటి సముద్రాల అవతల ఉన్నాయి. ఒకరి లెక్క ఇంకొకరికి తెలియక, వచ్చిన ప్రతివాళ్లూ మళ్లీ మొదటి నుంచి మా చెయ్యి గుచ్చుతున్నారు.

ఇకమీదట ఉద్దానంలో ఏ విశ్వవిద్యాలయం, ఏ సంస్థ రక్తం తీసినా, మీ శాఖ అనుమతి కాగితంలో ఒక షరతు రాయించండి. ఎవరి రక్తం తీశారో వాళ్ల అంకె వాళ్ల చేతికి నెల రోజుల్లోగా తెలుగులో ఇవ్వాలి. చదువు పూర్తయ్యాక ఊరికొచ్చి గ్రామసభలో చెప్పాలి. ఏమీ తేలకపోతే ఏమీ తేలలేదనే చెప్పాలి. అదీ వినాలనే మాకుంది. ఇది నా సొంత కోరిక కాదు. పరిశోధనలో పాల్గొన్నవాళ్లకీ, వాళ్ల సమాజానికీ ఫలితాలు తెలియజేయాలని భారత వైద్య పరిశోధన మండలి 2017లో ఇచ్చిన నైతిక మార్గదర్శకాల్లోనే ఉంది. అమలు చేయించేవాళ్లు లేరు, అంతే.

తెలుగులో రాయడం కష్టమంటారేమో. ఒక్క పేజీ చాలు. కావాలంటే నాలాంటి రిటైరైన మాస్టార్లు ఈ ఏడు మండలాల్లో చాలామందే ఉన్నారు, మాకు పంపండి. జీతం అడగం. "అంచనా వేసిన గ్లోమెరులార్ వడపోత రేటు" అని రాస్తే కొట్టేసి, "నీ కిడ్నీ నూటికి ఎంత పనిచేస్తోంది" అని రాస్తాం.

పాతవాటి సంగతి కూడా చూడండి. ఇప్పటికే రక్తమిచ్చి చీటీలు దాచుకున్నవాళ్లు మా ఊళ్లోనే అరవై మంది దాకా తేలారు. ఇల్లిల్లూ తిరిగి ఆ నంబర్లన్నీ ఒక నోటుబుక్కులో రాశాను. పెదనాన్న చీటీ ఆయన కోడలు తెచ్చిచ్చింది, అదీ రాశాను. మీ కార్యాలయం నుంచి ఎవరినైనా పంపిస్తే ఆ పుస్తకం జిరాక్స్ ఇస్తాను. సభ పెడతామంటే మా స్కూలు వరండా ఉంది, కుర్చీలు మేం చూసుకుంటాం. డయాలసిస్ ఉన్న రోజు మాత్రం వద్దు. రావాల్సినవాళ్లలో సగం మంది అక్కడే ఉంటారు.

ఇట్లు,
ఉద్దానం నుంచి ఒక రిటైర్డ్ సైన్సు మాస్టారు