తక్కువ మంది చూడలేదు, తక్కువ మందికి నచ్చింది

సంపాదకులకు నమస్కారం.

టీవీ చరిత్రలోని చెత్త ఎపిసోడ్లంటూ ఆదివారం సంచికలో వేసిన వ్యాసంలో, బ్రిటన్ సైన్స్ ఫిక్షన్ సీరియల్ 'డాక్టర్ హూ'లోని 'ది గన్‌ఫైటర్స్'ను ఆ సీరియల్ మొత్తంలో అతి తక్కువ మంది చూసిన కథగా రాశారు. అది తప్పు. ఈ తప్పు మీ దగ్గర పుట్టింది కాదు, ఒకరు రాసింది చూసి మరొకరు రాస్తూ ఏళ్ల తరబడి నడిచొచ్చింది. అయినా సవరించాల్సిందే.

బీబీసీ అప్పట్లో రెండు లెక్కలు తీసేది. ఎంతమంది చూశారన్నది ఒకటి. చూసినవాళ్లకు ఎంత నచ్చిందో నూటికి ఇన్ని అని వేసే మార్కులు ఇంకొకటి. 1966 ఏప్రిల్ 30 నుంచి మే 21 వరకు నాలుగు శనివారాలు వచ్చిన ఈ కథను వారానికి సుమారు 60 లక్షల మంది చూశారు. అదే సీరియల్‌లో, అదే ఏడాది సెప్టెంబరులో మొదలైన మరో కథ 'ది స్మగ్లర్స్'కు దక్కింది సగటున 45 లక్షల లోపే. పడిపోయినవి మార్కులు. చివరి భాగానికి 30 వచ్చాయి, అంత తక్కువ ఆ సీరియల్‌లో ఇంకే భాగానికీ రాలేదు. ఆ 30ని ఎవరో ప్రేక్షకుల సంఖ్య ఖాతాలో వేసేశారు. అక్కడి నుంచి చెడ్డపేరు పాకింది.

మార్కులు ఎందుకు పడిపోయాయో చెప్పడం కష్టం కాదు. అమెరికా పశ్చిమాన టూమ్‌స్టోన్ ఊళ్లో 1881లో జరిగిన కాల్పుల కథ ఇది. ఇంగ్లిష్ నటులు అమెరికన్ యాస పట్టలేక తంటాలు పడ్డారు. చరిత్ర సంగతి సరేసరి. నిజంగా చనిపోయిన మెక్‌లారీ సోదరులు ఇందులో అసలు లేరు. ప్రాణాలతో బయటపడ్డ ఐక్ క్లాంటన్‌ను ఇక్కడ చంపేశారు, ఆ పోరులో లేనే లేని జానీ రింగోను తెచ్చి కలిపారు. ఈ విమర్శలన్నీ న్యాయమైనవే.

పాట విషయంలో మాత్రం నాది వేరే మాట. లిండా బారన్ గొంతులో ఒక పాట కథ పొడవునా వస్తూనే ఉంటుంది. ఒక్కో సన్నివేశానికి ఒక్కో కొత్త చరణం. బుర్రకథ విన్నవాళ్లకు ఇది వింతేమీ కాదు, కథకుడు ఆగిన చోట వంత అందుకోవడం లాంటిదే. వారానికి పాతిక నిమిషాల చొప్పున చూసినప్పుడు జరిగిన కథను గుర్తుచేసేది ఆ చరణాలే. ఇప్పుడు నాలుగు భాగాలూ ఒకేసారి పెట్టుకుని గంటా నలభై నిమిషాలు కూర్చుంటే అదే పాట చెవిలో జోరీగ అవుతుంది. రోజుకొక భాగం చూసి చెప్పండి.

మొదటి భాగంలోనే బారులో దుండగులు తుపాకీ గురిపెట్టి, సీరియల్ హీరో డాక్టర్ వెంట వచ్చిన స్టీవెన్ చేత అదే పాట పాడిస్తారు, అతనితో పాటు వచ్చిన డోడో పియానో వాయించాలి. అప్పటిదాకా బయటి నుంచి వినిపిస్తున్న పాట ఒక్కసారిగా కథలోకి దిగి, పాత్రల ప్రాణం మీదికి వస్తుంది. రచయిత డొనాల్డ్ కాటన్ తెలిసి చేసిన పని ఇది. పన్నునొప్పితో డాక్టర్ వెళ్లి పళ్ల డాక్టరు డాక్ హాలిడే కుర్చీలో కూర్చునే సన్నివేశంలో, డాక్టర్‌గా వేసిన విలియం హార్ట్‌నెల్ హాస్యం చూసినవాళ్లెవరూ ఈ కథను చెత్త కింద జమకట్టరు.

ఇంకొక్క విషయం. టేపులు చెరిపేయడం వల్ల 1960ల నాటి 'డాక్టర్ హూ' భాగాలు 90కి పైగా పోయాయి. 'ది గన్‌ఫైటర్స్' నాలుగు భాగాలూ మిగిలాయి, 2011లో డీవీడీగానూ వచ్చాయి. దీనికి సరిగ్గా ముందు వచ్చిన 'ది సెలెస్టియల్ టాయ్‌మేకర్'ను ఏళ్లపాటు కళాఖండమన్నారు. 1984లో ఆస్ట్రేలియా నుంచి దాని చివరి భాగం తిరిగొచ్చింది. చూశాక చాలామంది అభిమానుల పొగడ్త చల్లబడింది. చూడటానికి ప్రతి ఉంటేనే ఇలాంటి తీర్పులు సరిచేసుకోగలం. మన తొలి టాకీ, 1932 నాటి 'భక్త ప్రహ్లాద' గురించి మనం వాదించుకుందామన్నా ప్రింటు లేదు.

దయచేసి సవరణ వేయండి. వేసేటప్పుడు ఆ 60 లక్షలనూ, ఆ 30 మార్కులనూ పక్కపక్కనే ఇవ్వండి.

– ఒక పాఠకుడు, గుంటూరు