‘పుట్ ఆఫ్’ అంటే రద్దు కాదు: ప్రధానోపాధ్యాయురాలి లేఖ

గౌరవనీయులైన తల్లిదండ్రులకు నమస్కారం.

గత నెల తల్లిదండ్రుల సమావేశం విషయంలో జరిగిన గందరగోళం గురించి మీరందరూ మాట్లాడుకుంటున్నారని నాకు తెలుసు కనుక ఈ లేఖను దానితోనే మొదలుపెడుతున్నాను. బుధవారం జరగవలసిన సమావేశం ‘పుట్ ఆఫ్’ అయిందనీ, కొత్త తేదీని పిల్లల డైరీలో చూసుకోవలసిందనీ మేము ఇంగ్లీషులో ఒక నోటీసు పంపాం. మీలో చాలామంది దానిని ‘కాల్ ఆఫ్’ అని, అంటే సమావేశం పూర్తిగా రద్దయిందని అర్థం చేసుకున్నారు. శనివారం ఉదయం ఉపాధ్యాయులు జవాబు పత్రాలు ముందు పెట్టుకుని మధ్యాహ్నం దాకా ఎదురుచూశారు. హాలులో సగానికి పైగా కుర్చీలు ఖాళీగానే ఉండిపోయాయి. అంత ముఖ్యమైన నోటీసును తెలుగులో కూడా ఇవ్వకపోవడం, తేదీని అందులోనే రాయకపోవడం మా పొరపాటు, అందుకు మనస్ఫూర్తిగా క్షమాపణ కోరుతున్నాను. అయితే కొత్త తేదీ డైరీలో మూడు రోజుల ముందు నుంచే ఉందన్న సంగతిని, డైరీ కింద సంతకం కోసం విడిచిన గడి చాలా ఇళ్ల నుంచి ఖాళీగానే తిరిగి వచ్చిందన్న సంగతిని కూడా మీ దృష్టికి తీసుకురాక తప్పడం లేదు.

ఆ రోజు వచ్చిన తల్లుల్లో ఒకరు నాతో చెప్పిన మాట ఇంకా నా చెవుల్లోనే ఉంది. ఆమె కూడా మొదట సమావేశం లేదనే అనుకున్నారట. ఎనిమిదో తరగతి చదువుతున్న వారి అమ్మాయి నోటీసు చూసి, “అమ్మా, రద్దయితే ‘కాల్ ఆఫ్’ అని రాసేవాళ్లు, ‘పుట్ ఆఫ్’ అంటే వాయిదా, డైరీ తీసి చూడు” అని చెప్పిందట. ఆ అమ్మాయి తరగతిలో గట్టిగా మాట్లాడే పిల్ల కాదు, మొదటి వరుసలో కూర్చునే పిల్ల కూడా కాదు. చదివిన మాటను బతుకులో వాడుకోవడం ఆమెకు వచ్చినందుకు నేను ఎంత సంతోషించానో మాటల్లో చెప్పలేను.

ఇంగ్లీషులో ఒక క్రియకు ‘ఆఫ్’, ‘అప్’, ‘అవుట్’, ‘ఇన్’ వంటి చిన్న పదం చేరి, రెండూ కలిసి ఒకే అర్థాన్నిచ్చే ఈ రకం మాటలను ఫ్రేజల్ వెర్బులు అంటారు. ‘లుక్ ఫర్’ అంటే వెతకడం, ‘లుక్ ఆఫ్టర్’ అంటే సంరక్షించడం, ‘లుక్ ఇంటు’ అంటే విచారణ జరపడం; మూడింటిలోనూ ‘చూడటం’ అన్న అసలు అర్థం ఎక్కడో అడుగున మిగిలింది. వీటితో తడబడటంలో సిగ్గుపడవలసింది ఏమీ లేదు. 1755లో వెలువడిన తన ఇంగ్లీషు నిఘంటువు ముందుమాటలో శామ్యూల్ జాన్సన్, క్రియ వెనుక చిన్న పదం చేర్చి అర్థం మార్చే ఈ పద్ధతే పరభాషల వారికి అన్నిటికంటే ఎక్కువ ఇబ్బంది పెడుతుందని రాశారు.

అయినా ఈ పద్ధతి తెలుగువారికి కొత్తది కాదని నేను ప్రతి తరగతిలోనూ చెబుతుంటాను. మన ‘కొట్టు’నే చూడండి: న్యాయస్థానం పిటిషన్‌ను కొట్టివేస్తుంది, వరదలో గట్టు కొట్టుకుపోతుంది, జేబులో పర్సును ఎవరో కొట్టేస్తారు, ఒక్కచోట కూడా ఎవరినీ ఎవరూ కొట్టలేదు. ‘కనిపెట్టడం’లో పెట్టింది ఏముంది? ఇంగ్లీషువాడు ‘ఈట్ అప్’ అన్నప్పుడు ఆ ‘అప్’ చేసే పని, మనం “తినెయ్” అన్నప్పుడు చివరి ‘ఎయ్’ చేసే పనే, అంటే పళ్లెంలో ఏమీ మిగలకుండా పూర్తిచేయమని చెప్పడం. పెన్నులో సిరా ‘రన్ అవుట్’ అయిందంటే ‘అయిపోయింది’ అన్నట్టే, అక్కడ సిరా ఎక్కడికీ పరుగెత్తలేదు, మన సిరా ఎక్కడికీ పోలేదు. తన తెలుగు ఎలా పనిచేస్తుందో గమనించిన పిల్లకు ఇంగ్లీషు ఫ్రేజల్ వెర్బు పరాయిదిగా కనిపించదు.

అందుకే నేను మీతో కొంచెం గట్టిగా మాట్లాడవలసి వస్తోంది. ఐదు వందల ఫ్రేజల్ వెర్బులు, వాటి ఎదురుగా అర్థాలు ఉన్న కాగితాలను చదువుకునే బల్ల ముందు గోడకు అతికించి, రోజుకు ఇరవై చొప్పున ఒప్పజెప్పించుకుంటున్నామని పలువురు తల్లిదండ్రులు గర్వంగా చెబుతున్నారు. మీ శ్రద్ధను నేను గౌరవిస్తాను, కానీ దయచేసి ఆ కాగితాలను తీసివేయండి. ‘టేక్ ఆఫ్’ ఎదురుగా ‘విమానం బయలుదేరు’ అని బట్టీ పట్టిన పిల్లవాడు, కథలో ఒకతను బూట్లు ‘టేక్ ఆఫ్’ చేశాడని చదివి తెల్లముఖం వేస్తాడు. ‘మేక్ అప్’కు కథ అల్లడం, తగవు తీరి కలిసిపోవడం అనే రెండు అర్థాలూ ఉన్నాయి, ఏది ఎప్పుడో చెప్పేది చుట్టూ ఉన్న వాక్యమే. ఈ మాటలు వాక్యంలో పుడతాయి, వాక్యంలోనే బతుకుతాయి. పిల్లవాడు ఒక కథలో ‘గివ్ అప్’ను, అంటే వదులుకోవడాన్ని, ఒకసారి చూసి, వారం తరువాత మరొకరి నోట విని, మూడోసారి తానే రాస్తే అది జీవితాంతం అతనిదవుతుంది. పట్టికలోని ఇరవై మాటలు మరుసటి ఆదివారానికి ఉండవు. రోజుకు ఒక పేజీ కథ మీ ముందు పైకి చదవమని అడగండి, అడ్డు తగలకుండా వినండి, నేను కోరేది అంతే.

ఇంట్లో మాట్లాడే తీరు గురించి కూడా ఒక మాట. “నాన్న పికప్ చేసుకుంటారు”, “ఫోటోలు బ్యాకప్ చెయ్యి” అని మనం ఆ రెండు ముక్కలనూ ఒకే ముద్దగా తీసుకుని ‘చేయు’ తగిలిస్తాం. తెలుగులో అది చెల్లుతుంది. ఆ అలవాటే నోటుపుస్తకంలోకి వచ్చి, ఆరో తరగతి పిల్లవాడు ‘మై ఫాదర్ పికప్డ్ మీ’ అని రాశాడు. భూతకాలపు గుర్తు మొదటి ముక్కకు చేరి ‘పిక్డ్ మీ అప్’ అవుతుందని, ‘మీ’, ‘ఇట్’ వంటి సర్వనామం ఆ రెండింటి మధ్యకే రావాలని అతనికి ఎవరూ చెప్పలేదు. ‘స్విచ్ ఆఫ్ ఇట్’ అన్న తప్పు కూడా ఈ తోవదే. తప్పు రాసిన పిల్లవాణ్ణి బంధువుల ముందు ఎగతాళి చేయడం, లేదా రాత్రి కూర్చుని వ్యాసం మీరే రాసిపెట్టడం, రెండూ మానుకోవాలని వినయంగా కోరుతున్నాను. మీ చేతిరాత మా ఉపాధ్యాయులకు ఈపాటికి బాగా తెలుసు.

పిల్లల వ్యాసాల్లో ఆర్పడం అనే అర్థంలో ‘పుట్ అవుట్’ కొట్టివేసి ‘ఎక్స్‌టింగ్విష్’, సహించడం అనే అర్థంలో ‘పుట్ అప్ విత్’ కొట్టివేసి ‘టాలరేట్’ అని దిద్ది పంపుతున్నవారికి కూడా ఒక మనవి. 1066లో నార్మన్లు ఇంగ్లండును జయించిన తరువాత కొన్ని తరాలపాటు కొలువుల్లోనూ న్యాయస్థానాల్లోనూ ఫ్రెంచి నడిచింది, చదువులో లాటిన్ నడిచింది. ఆ రెండింటి నుంచి వచ్చిన మాటలకు ఇప్పటికీ పెద్దరికం ఉంది, ఇంటి మాటగా మిగిలింది పాత ఇంగ్లీషే. దరఖాస్తులో ‘పోస్ట్‌పోన్’ బాగుంటుంది, స్నేహితుడికి రాసే ఉత్తరంలో ‘పుట్ ఆఫ్’ బాగుంటుంది. పైగా ‘క్యారీ అవుట్’, ‘పాయింట్ అవుట్’ వంటివి పరిశోధన నివేదికల్లోనూ హాయిగా కనిపిస్తాయి. బరువైన మాటే మంచి మాట అని పిల్లలకు నేర్పకండి.

తొమ్మిదో తరగతి పిల్లలు నలుగురు ఈ నెలంతా ఒక నోటుపుస్తకం నడిపారు. తాము కథల్లో చదివిన, క్రికెట్ వ్యాఖ్యానంలో విన్న ఫ్రేజల్ వెర్బులను పూర్తి వాక్యంతో సహా రాసి, పక్కన దానికి సరిపోయే తెలుగు మాట పెట్టారు. ‘షో ఆఫ్’ పక్కన ‘డాబు’ అని, ‘టర్న్ అప్’ పక్కన ‘ఊడిపడు’ అని చూసి నేను లేచి నిలబడి చప్పట్లు కొట్టాను. అది గ్రంథాలయంలో ఉంది, తప్పక చూడండి.

పరీక్షల పట్టిక డైరీలో అతికించాం, గుర్తింపు కార్డులకు ఫోటోలు సోమవారంలోగా పంపండి, గ్రంథాలయ పుస్తకాలు ఇంకా ఇవ్వనివారు వెంటనే ఇవ్వండి.

రాలేకపోయిన తల్లిదండ్రుల కోసం సమావేశాన్ని వచ్చే శనివారం ఉదయం పది గంటలకు మళ్లీ ఏర్పాటు చేశాం. ఈసారి నోటీసు తెలుగులోనూ ఇంగ్లీషులోనూ వస్తుంది, తేదీ రెండింటిలోనూ ఉంటుంది. డైరీలో సంతకం మాత్రం మీరే చేయాలి.

మీ
ప్రధానోపాధ్యాయురాలు