కాపలా పరికరాల పెట్టె మీద గడువు తేదీ ముద్రించండి: మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన వినియోగదారుల వ్యవహారాల శాఖ మంత్రి గారికి,

నమస్కారములు.

ఇంటి కాపలాకు అమ్మే కెమెరాలు, తాళాలు ఎంతకాలం కాపాడుతాయో ఆ గడువు తేదీని పెట్టె మీద ముద్రించేలా చేయమని మీ కార్యాలయానికి నేను ఇప్పటికి మూడు అర్జీలు పంపుకున్నాను. మొదటి దానికి నమోదు సంఖ్య ఒకటి వచ్చింది, జవాబు రాలేదు. రెండో అర్జీని వేరే శాఖకు బదిలీ చేశారని, ఆ శాఖ అది తమ పరిధిలోకి రాదంటూ తిరిగి మీ శాఖకే పంపిందని తెలుసుకోవడానికి నాకు నాలుగు నెలలు పట్టింది. మూడోదాని విషయంలో ఎవరూ నాతో ఒక్క మాటైనా మాట్లాడలేదు, ఒక్క కాగితమైనా అడగలేదు. అయినా మీ శాఖ దస్త్రాల్లో దాని ఎదుట ‘పరిష్కరించబడింది’ అని రాసి ఉంది. ఏం పరిష్కరించారో ఆ అర్జీ పెట్టుకున్న నాకే తెలియదు. అందువల్ల నాలుగోసారి మీకు విడిగా రాయకుండా, నలుగురి ముందూ రాస్తున్నాను.

తలుపుకు కెమెరా పెట్టుకోండి, మంచి తాళం వేసుకోండి, ఆడపిల్లల సంచిలో అలారం ఉంచండి, బ్యాంకు కాగితాలను ముక్కలు చేసి పారేయండి, ఫోనుకు వచ్చే ఓటీపీని ఎవరికీ చెప్పకండి అని మీ శాఖ చేస్తున్న ప్రచారం మీకు తెలిసినదే కనుక దాన్ని మళ్ళీ వివరించను. ఆ సలహాలు తప్పని నేను అనడం లేదు. మేము వాటిని అక్షరాలా పాటించిన వాళ్ళం. కొనుక్కోమన్నవన్నీ కొన్నాక, ఆ వస్తువు ఎంతకాలం మమ్మల్ని కాపాడుతుందో, కాపాడటం ఎప్పుడు మానేస్తుందో చెప్పవలసిన బాధ్యత మాత్రం ఎవరి మీదా లేకపోవడమే నా బాధ.

మా అమ్మ ఒంటరిగా ఉంటుంది. పక్క ఇంట్లో దొంగతనం జరిగిన నెలకు, ఆమె భయం చూడలేక, గంట నొక్కిన మనిషి ముఖం ఫోనులో కనబడే కెమెరా ఒకటి, ఫోనుతోనే తెరిచి మూసే తాళం ఒకటి, రెండూ ఒకే కంపెనీవి కొని పెట్టించాను. దాదాపు నాలుగేళ్ళు అవి చక్కగా పనిచేశాయి. తలుపు తీయకుండానే వచ్చినవాళ్ళెవరో చూసుకునే ధైర్యం ఆమెకు వచ్చింది. నేను దూరాన ఉన్నా, రాత్రి పడుకునే ముందు ఆ గుమ్మాన్ని ఒకసారి చూసుకుని నిద్రపోయేదాన్ని. ఒక రోజు కంపెనీ నుంచి నాకు ఈమెయిలు వచ్చింది. ఈ నమూనా పరికరాలకు సేవలు తొంభై రోజుల్లో నిలిపివేస్తున్నామని, ఇన్నాళ్ళు తమను ఆదరించినందుకు కృతజ్ఞతలని అందులో ఉంది. తొంభయ్యో రోజు దాటగానే కెమెరా బొమ్మ ఆగిపోయింది.

అయ్యా, ఆ కెమెరా చెడిపోలేదు. అద్దం మసకబారలేదు, తీగ తెగలేదు, దీపం ఇప్పటికీ వెలుగుతుంది. గుమ్మానికీ అమ్మ మంచానికీ మధ్య పట్టుమని పది అడుగులు లేకపోయినా, ఆ బొమ్మ ఎక్కడో ఉన్న కంపెనీ సర్వరుకు వెళ్ళి, అక్కడి నుంచి తిరిగి ఆమె ఫోనుకు రావాలి. వాళ్ళు అక్కడ సర్వరు ఆపేస్తే మా ఇంటి గుమ్మం చీకటైపోతుంది. ఈ సంగతి కొన్నప్పుడు ఎవరూ చెప్పలేదు, పెట్టె మీద ఎక్కడా లేదు. తాళం సంగతీ అంతే. యాప్ తెరుచుకోవడం మానేసిన రోజున ఆమె ఇంటి బయట నిలబడిపోకపోవడానికి ఏకైక కారణం, మేము కొన్న నమూనాలో మామూలు తాళంచెవి పట్టే రంధ్రం కూడా ఉండటం. ఆ రంధ్రం లేని నమూనా కూడా దుకాణంలో అదే బల్ల మీద ఉంది. దాన్ని ఎంచుకోకపోవడం మా తెలివి కాదు, మా అదృష్టం. పిన్నులతో పనిచేసే తాళానికి లైనస్ యేల్ 1861లో పేటెంటు పొందాడు. ఆ పద్ధతి తాళాలు ఈనాటికీ కోట్ల తలుపులకు ఉన్నాయి. అలాంటి తాళం చేసిన కంపెనీ మూతపడినంత మాత్రాన మన తలుపు తాళం పనిచేయడం మానదు కదా?

అసలు భయం ఇంకొకటి ఉంది. సేవలు ఆపేసిన తర్వాత వివరాలు వెతికితే తెలిసింది, ఆ కెమెరాకు చివరి సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ వచ్చి అప్పటికే రెండేళ్ళు దాటిందని. అంటే మేము నిశ్చింతగా నిద్రపోయిన నాలుగేళ్ళలో సగం కాలం ఆ పరికరంలోని లోపాలను సరిచేసేవాడే లేడు. దాన్ని బిగించిన మనిషి ఫ్యాక్టరీ నుంచి వచ్చిన పాస్‌వర్డునే అలాగే ఉంచి వెళ్ళాడు, మార్చమని అది ఎప్పుడూ అడగలేదు. ఇలాంటి పాస్‌వర్డుల వల్ల ఏం జరుగుతుందో ప్రపంచం 2016లోనే చూసింది. మిరాయ్ అనే దుష్ట ప్రోగ్రాము, ఫ్యాక్టరీలో పెట్టిన పేర్లూ పాస్‌వర్డులూ అరవై జతలకు పైచిలుకు వెంటబెట్టుకుని ఇంటర్నెట్టంతా తిరిగి, కెమెరాలను, వాటి రికార్డర్లను, రౌటర్లను లక్షల సంఖ్యలో లొంగదీసుకుంది. ఆ ఏడాది అక్టోబరు 21న, వెబ్‌సైట్ల పేర్లను బట్టి వాటి ఇంటర్నెట్ చిరునామాలు చూపించే డైన్ అనే సంస్థ మీద వాటితో జరిపించిన దాడివల్ల అమెరికాలో ఎన్నో పెద్ద వెబ్‌సైట్లు గంటల తరబడి అందలేదు. దొంగను పట్టించమని గోడకు తగిలించిన కళ్ళే దొంగ చేతికింద పనిచేశాయి. తమ కెమెరా ఆ పని చేస్తోందని యజమానుల్లో చాలామందికి తెలియనే లేదు, ఎందుకంటే వాళ్ళకు బొమ్మ ఎప్పటిలాగే కనబడుతూ ఉంది. కంచే చేను మేయడమంటే ఇదే కదా అయ్యా.

మా కష్టం అక్కడితో ఆగి ఉంటే నేను మీకు ఇన్నిసార్లు రాసి ఉండేదాన్ని కాదేమో. సేవలు ఆగిపోయిన మూడో వారంలో అమ్మకు ఫోను వచ్చింది. మీ తలుపు కెమెరా కంపెనీ నుంచి మాట్లాడుతున్నామని, పాత కెమెరాను మళ్ళీ పనిచేయిస్తామని, నామమాత్రపు రుసుము ఉంటుందని, అందుకు ఫోనుకు వచ్చే అంకెలు చెబితే చాలని ఎంతో మర్యాదగా చెప్పాడట. కెమెరా నమూనా పేరు కూడా చెప్పాడు. ఆ నమూనా ఆగిపోయిందని కంపెనీయే లోకానికంతా ప్రకటించాక, ఇంకా వాడుతున్న వృద్ధుల్లో ఎవరికి కంగారుగా ఉంటుందో మోసగాడికి ఊహించడం కష్టమేమీ కాదు. ఒంటరిగా ఉన్న మనిషికి పోయిన ధైర్యాన్ని తిరిగి ఇస్తానన్నాడు, ఆమె నమ్మింది. వచ్చిన సందేశంలో అంకెలు మొదట ఉన్నాయి, ఎంత సొమ్ము ఎవరి ఖాతాకు వెళుతోందన్నది మధ్యలో ఉంది, ఎవరికీ చెప్పవద్దన్న హెచ్చరిక అట్టడుగున ఉంది. ఫోను చెవి దగ్గర పెట్టుకుని మాట్లాడుతున్న మనిషి, పైన మెరిసి మాయమయ్యే ఆ ఒక్క వరుసను తప్ప ఏం చదవగలదు? ఆమె అంకెలు చదివింది. ఖాతాలో ఉన్నదంతా పోయింది.

బ్యాంకు వారు మీరే కదా చెప్పారు అన్నారు. ఫిర్యాదు తీసుకున్న అధికారి కూడా, ఎన్నిసార్లు చెప్పినా మీరు వినరు అన్నారు. ఆ మాట విన్నప్పటి నుంచి అమ్మ ఆ విషయమే ఎత్తదు. పోయిన డబ్బు కంటే, తప్పు చేసినదాన్ని నేనేనన్న సిగ్గు ఆమెను ఎక్కువగా కుంగదీసింది. ఇందులో ఆమె తప్పు ఏముందని నేను మిమ్మల్ని సూటిగా అడుగుతున్నాను. నోటితో చదివి చెప్పగలిగే అంకెను రక్షణ కవచంగా ఇచ్చి, దాన్ని నోటితో చెప్పించిన మోసానికి ముసలిదాన్ని దోషిగా నిలబెట్టడం న్యాయమా? మామూలు సందేశం ద్వారా వచ్చే అంకెలు బలహీనమైన రక్షణ అని, మన నంబరును మోసగాడు తన సిమ్‌కు మార్పించుకునే సిమ్ మార్పిడి వంటి మోసాలకు లొంగుతాయని నిపుణులు ఏనాటి నుంచో చెబుతున్నారు. అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2017 మార్గదర్శకాల్లోనే ఈ పద్ధతిని పరిమితులతో మాత్రమే వాడదగిన వాటిలో చేర్చింది. ముప్పై సెకన్లకోసారి అంకెలు మార్చే యాప్‌లకు సిమ్‌తో పని లేదు గానీ, ఆ ముప్పై సెకన్లలో ఫోనులో చదివి చెప్పమంటే వాటిదీ ఇదే గతి. చిన్న తాళంచెవిలా కంప్యూటరుకో ఫోనుకో తగిలించే భద్రతా కీలు ఉన్నాయి. అవి అసలైన చిరునామాకు తప్ప నకిలీదానికి స్పందించవు, చదివి చెప్పడానికి వాటిలో అంకెలే ఉండవు. అలాంటిది ఒకటి ఉందని మా అమ్మకు ఏ బ్యాంకూ చెప్పలేదు, మీ ప్రచారమూ చెప్పలేదు.

మిగతా వస్తువుల సంగతి క్లుప్తంగా చెబుతాను, ఎందుకంటే అక్కడా రోగం ఒకటే. చేతి అలారం పెట్టె మీద 130 డెసిబెళ్ళని పెద్ద అక్షరాలు ఉంటాయి, ఎంత దూరంలో కొలిచారో ఉండదు. ఆరుబయట దూరం రెట్టింపైన ప్రతిసారీ శబ్దం సుమారు 6 డెసిబెళ్ళు తగ్గుతుంది కనుక, దూరం చెప్పని ఆ అంకెకు అర్థమే లేదు. కాగితాలు ముక్కలు చేసే యంత్రాలకు పి-1 నుంచి పి-7 వరకు అంతర్జాతీయంగా ఒప్పుకున్న తరగతులు ఉన్నాయి. నిలువు పేలికలుగా మాత్రమే కత్తిరించే యంత్రం కింది తరగతిది, ఆ పేలికలను ఓపికగా పక్కపక్కన పేర్చి చదవవచ్చు. నేను కొన్న యంత్రం పెట్టె మీద ఎన్ని కాగితాలను ఒకేసారి మింగుతుందో ఉంది గానీ ఆ తరగతి లేదు.

ఇవన్నీ జరగని పనులని మాత్రం దయచేసి అనకండి. కాలిఫోర్నియాలో, ఇంటర్నెట్టుకు తగిలించే పరికరాలన్నిటికీ ఒకే పాస్‌వర్డు పెట్టి అమ్మకుండా చేసిన చట్టం 2020 జనవరి 1 నుంచి అమలులో ఉంది. బ్రిటన్‌లో 2024 ఏప్రిల్ 29 నుంచి, తేలికగా ఊహించగల పాస్‌వర్డుతో ఇలాంటి పరికరాన్ని అమ్మడం చట్టవిరుద్ధం. లోపం కనిపెట్టినవాళ్ళు ఎవరికి చెప్పాలో కంపెనీ ప్రకటించాలి, కనీసం ఎంతకాలం భద్రతా అప్‌డేట్లు ఇస్తుందో కూడా ప్రకటించాలి. యూరప్ సమాఖ్య తెచ్చిన చట్టంలోని ముఖ్య నిబంధనలు 2027 డిసెంబరు 11 నుంచి వర్తిస్తాయి. పరికరం అయిదేళ్ళ కంటే తక్కువ కాలమే వాడేదైతే తప్ప, కనీసం అయిదేళ్ళు లోపాలు సరిచేస్తూ ఉండాలని అది చెబుతోంది. ఆ చట్టాలన్నీ గొప్పవని నేను అనను, అక్కడా మోసాలు జరుగుతూనే ఉంటాయి. అయితే బ్రిటన్‌లోని కొనుగోలుదారుకు ఆ తేదీ తెలుసుకునే హక్కు ఉంది, నాకు లేదు.

ఇళ్ళకు కెమెరా కాపలా ఆలోచన ఎక్కడ పుట్టిందో చదివినప్పుడు నాకు దుఃఖం వచ్చింది. న్యూయార్క్‌లో మేరీ వాన్ బ్రిట్టన్ బ్రౌన్ అనే నర్సు, వేళ కాని వేళల్లో ఇంట్లో ఒంటరిగా ఉండవలసి వచ్చి, పిలిచినా పోలీసులు త్వరగా రాని పరిస్థితి చూసి, భర్తతో కలిసి 1966లో పేటెంటుకు దరఖాస్తు చేసింది, 1969లో అది మంజూరైంది. తలుపుకు వేర్వేరు ఎత్తుల్లో చూపుడు రంధ్రాలు, వాటి వెంట పైకీ కిందికీ కదిలే కెమెరా, పడకగదిలో తెర, అక్కడి నుంచే తలుపు తెరిచే మీట, ఆపద వేళ నొక్కే మీట. ఒంటరి ఆడమనిషి భయం నుంచి పుట్టిన వస్తువు అది. దాన్ని ఇవాళ మా అమ్మలాంటి మనిషికి అమ్మి, లాభం తగ్గగానే తీగ లాగేసే హక్కు ఎవరికి ఎవరిచ్చారు?

ఔషధాల అట్ట మీద గడువు తేదీ లేకపోతే అమ్మనివ్వరు. మంటలార్పే సిలిండరుకు తనిఖీ తేదీ చీటీ వేలాడుతుంది. మనిషి ప్రాణం, సొమ్ము కాపాడుతుందని చెప్పి అమ్మే కెమెరాకు, తాళానికి ఆ తేదీ ఎందుకు ఉండకూడదు? భద్రతా అప్‌డేట్లు ఏ తేదీ దాకా ఇస్తారో పెట్టె మీద, కొనేవాడికి కనబడేంత అక్షరాలతో ముద్రించేలా ఉత్తర్వు ఇవ్వండి. సేవ ఆపేయదలచుకున్న కంపెనీ, ఆ పరికరం ఇంటి లోపలి వరకైనా సర్వరు లేకుండా పనిచేసే మార్గం ఇచ్చి వెళ్ళాలని చెప్పండి, ఒక్క ఈమెయిలుతో చేతులు దులుపుకోనివ్వకండి. ఓటీపీ సందేశంలో అంకెల కంటే ముందు సొమ్ము, ఆ సొమ్ము చేరే ఖాతా కనబడేలా చేయించండి. అన్నిటికంటే ముందు ఆ తేదీ. నా మూడు అర్జీల్లోనూ మొదటి వాక్యం అదే, ఇక్కడా అదే అడుగుతున్నాను.

ఆ కెమెరా ఇంకా మా అమ్మ గుమ్మం మీదే ఉంది. ఇప్పుడు ఆమె తలుపుకు గొలుసు తగిలించి, సందులోంచి చూసి మాట్లాడుతోంది. పనికిరాని దాన్ని తీసేయిస్తానంటే వద్దంది. అది పనిచేయడం లేదని దొంగకు తెలియదు కదమ్మా, ఉండనీ అంది. ఈ లేఖకైనా ఒక జవాబు, మీ సంతకంతో, ఆమె చదువుకోవడానికి వీలుగా కాగితం మీద ఇప్పించవలసిందిగా ప్రార్థిస్తున్నాను.

ఇట్లు,
భవదీయురాలు,
మూడు అర్జీల దరఖాస్తుదారు